ఇల్లు విడిచిన బిడ్డలు: ఆశ్రయముల పరీక్ష

ఆగిరిపల్లి ప్రాంతమున మామిడి అంట్లు నాటిన రైతు, అంట్లు అమ్మినవాడు చెప్పిన లెక్కతో తృప్తి చెందడు. నూఱు బంగినపల్లి అంట్లు నాటితినని చెప్పుకొనుట సులభము. మూడు వేసవులు గడచిన పిమ్మట వానిలో ఎన్ని నిలిచినవి, ఎండినవి ఏల ఎండినవి యను ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగినవాడే సేద్యమెఱిగినవాడు. చెట్టు విషయమున మనకు సహజముగ తోచు ఈ న్యాయమును బిడ్డల విషయమున మఱచుచున్నాము. ఇల్లు విడిచి పాఱిపోయిన బాలబాలికల కొఱకు ఏర్పడిన ఆశ్రయములు ఎన్ని మంచములు వేసినవి, ఎందఱికి అన్నము పెట్టినవి యని అడుగుచున్నాము. ఆ బిడ్డలు అచ్చటినుండి వెడలిన పిదప ఏమైరని అడుగుట లేదు.

ఇది దూరదేశపు సమస్య కాదు. శోభనాచలము నీడన బస్సెక్కిన బాలుడు ఇంచుమించు గంటకాలములో విజయవాడ చేరును. అచ్చటినుండి చెన్నపట్టణమునకు, హైదరాబాదునకు, కలకత్తాకు, ఢిల్లీకి రైళ్లు రేయింబవళ్లు పోవుచుండును. తండ్రి త్రాగివచ్చి కొట్టినందుననో, పరీక్ష తప్పినందుననో, వసతిగృహమున బెదరింపు భరింపలేకనో, ఇష్టములేని పెండ్లి తప్పించుకొనుటకో బయలుదేరిన బిడ్డకు ఆ ప్లాటుఫారమే మొదటి మజిలీ. ఆ రాత్రి ఆ బిడ్డను ముందుగ పలుకరించునది ఆశ్రయమువాడా, దళారియా యను దానిపై తరువాతి జీవితము చాలవఱకు ఆధారపడియుండును.

ఈ అవసరమును గుర్తించినవారు లేకపోలేదు. విజయవాడలో డాన్ బాస్కో సభవారు 1989లో నవజీవన్ బాలభవన్‌ను స్థాపించి, వీధిబాలలకు ఆశ్రయమును, వృత్తివిద్యను కల్పించు పనికి పూనుకొనిరి. 1996లో బొంబాయిలో ఆరంభమైన 1098 టెలిఫోను సేవ క్రమముగ దేశమంతట వ్యాపించి, 2023లో ప్రభుత్వ నిర్వహణము క్రిందికి వచ్చినది. చట్టమునకును కొఱత లేదు. పూర్వపు మద్రాసు రాజధానిలో 1920లోనే బాలల చట్టము చేయబడినది. నేడు అమలులో నున్నది 2015 నాటి బాలన్యాయ చట్టము. దొరకిన బిడ్డను, ప్రయాణకాలము మినహా, 24 గంటలలో బాలల సంక్షేమ సమితి యెదుట హాజరుపఱచవలెనని అది శాసించుచున్నది. ప్రతి బిడ్డకును ప్రత్యేకమైన సంరక్షణ ప్రణాళిక ఉండవలెననియు, ముగ్గురికి తక్కువ గాని సభ్యులతో, అందొక స్త్రీయు ఒక వైద్యాధికారియు ఉండునట్లు, మూడు నెలలకొకమాఱైనను తనిఖీ జరుగవలెననియు అందు కలదు.

మఱి లోపమెక్కడ? తనిఖీచేయువాడు దస్త్రములను చూచును, గోడలకు వేసిన సున్నమును చూచును, వంటయింటిని చూచును. బిడ్డతో ఏకాంతమున మాటలాడుటకు మాత్రము తీరిక యుండదు. దీని ఫలితమును బీహారు రాష్ట్రము చూపినది. అచ్చటి ప్రభుత్వము కోరగా టాటా సామాజిక శాస్త్రముల సంస్థవారు 110 ఆశ్రయములను పరిశీలించి 2018లో నివేదిక సమర్పించిరి. వారు బిడ్డల మాట వినినందువలననే ముజఫర్‌పూరులోని బాలికల గృహమున జరిగిన అత్యాచారములు వెల్లడియైనవి. అది ప్రభుత్వ ధనముతో నడచిన గృహము. 2020 జనవరిలో ఢిల్లీ న్యాయస్థానము 19 మందిని దోషులుగ నిర్ణయించినది. మంచముల లెక్కలో ఆ గృహము కూడ ఒక ఆశ్రయమే! కావున, పరీక్షించువాడు నిర్వాహకునికి లోబడనివాడై యుండవలయును. అతని మొదటి సాక్షి బిడ్డయై యుండవలయును.

రెండవది, ఇంటికి చేర్చుటయే విజయమను భ్రమ. ఇంటికి చేర్చిన బిడ్డలను ఆశ్రయములు విజయముల పట్టికలో వ్రాసికొనును. ఆ యిల్లే కొట్టినదైనచో? ఆ యింటనే పెండ్లిపందిరి ఇంకను వేచియున్నచో? ఆ బిడ్డ మరల రైలెక్కును. మఱియొక పట్టణపు ఆశ్రయమున క్రొత్తబిడ్డగ నమోదగును. రెండు పట్టికలును నిండును. బిడ్డను పంపుటకు పూర్వము ఇంటి స్థితి విచారింపవలెనని నియమము కలదు. పంపిన ఆఱునెలలకు తిరిగి తలుపు తట్టినవారెవరని అడుగవలసి యున్నది.

మూడవది, పదునెనిమిదేండ్ల గీటు. నిన్నటివఱకు బాలుడు, నేటినుండి పరాయివాడు! ఇట్టివారికి 21 ఏండ్లవఱకు, విశేష పరిస్థితులలో 23 వఱకు సహాయము చేయుటకు నియమములు అవకాశమిచ్చుచున్నవి. 2022 నాటి వాత్సల్య పథకపు మార్గదర్శకములు నెలకు 4,000 రూపాయల చొప్పున నిర్ణయించినవి. పట్టణమున గది అద్దె నెఱిగినవారెవరైనను ఈ మొత్తమెంతవఱకు చాలునో చెప్పగలరు. అమెరికాలో 1974లో పాఱిపోయిన బాలల కొఱకు చట్టము చేసి, తాత్కాలిక ఆశ్రయములకు సహాయమారంభించిరి. వానిలో ఇప్పుడు 21 దినముల వఱకు ఉండవచ్చును. అది చాలదని గ్రహించి 1988లో దీర్ఘకాల నివాసపథకమును జోడించిరి. 16 ఏండ్లు నిండి 22 నిండని వారికి సాధారణముగ 540 దినముల నివాసమును, స్వతంత్రజీవనమునకు శిక్షణయు అందు లభించును. ఆశ్రయము ఒక రాత్రి మాట కాదని వారు గ్రహించుటకు పదునాలుగేండ్లు పట్టినది.

మన పూర్వులకు ఈ సంగతి కొంతవఱకు తెలియును. పేదవిద్యార్థి ఏడిండ్లలో వారములు చెప్పుకొని చదువుకొనెడివాడు. ఆ యేర్పాటు అందఱి బిడ్డలకును అందలేదు. కులము గడప దాటలేదు. ఆ దోషమును దాచుట తగదు. ఐనను దానియందొక సుగుణము కలదు. ఒకనాడు బాలుడు భోజనమునకు రానిచో ఆ యింటి ఇల్లాలు ఏమయ్యెనని అడిగెడిది. చదువు ముగించి అతడెచ్చట స్థిరపడినదియు ఏడిండ్లవారును చెప్పుకొనెడివారు. నేటి ఆశ్రయములకు కావలసినది ఈ విచారణయే.

కావున ప్రభుత్వమును మనము కోరవలసినది స్పష్టము. ప్రతి ఆశ్రయమును విడిచిన బిడ్డలు ఆఱునెలలకు, ఏడాదికి, మూడేండ్లకు ఏ స్థితిలో నున్నారో, పేర్లు వెల్లడింపక, జిల్లాలవారీగ ప్రకటింపవలయును. ప్రభుత్వము స్వతంత్ర పరిశీలన జరిపింపవచ్చునని 2015 చట్టమే చెప్పుచున్నది. ఆ అధికారమును అపకీర్తి వచ్చిన పిమ్మట గాక ముందే వినియోగింపవలయును.

మనకును బాధ్యత కలదు. కాయ కోయుటకో, బుట్టలు మోయుటకో ఊరుపేరు చెప్పని కుఱ్ఱవాడు తోటకు వచ్చినచో, కూలి తక్కువకు దొరకినాడని సంతోషింపరాదు. వాడు పదునాలుగేండ్లలోపు వాడైనచో పనిలో పెట్టుకొనుట నేరము. ఏ యీడు బాలునికైనను మొదట అన్నము పెట్టి, పిదప 1098కి తెలుపుట ధర్మము. ఆశ్రయము విడిచిన పదునెనిమిదేండ్ల యువకుడు పని కోరి వచ్చినచో, న్యాయమైన కూలి యిచ్చి నిలుపుకొనుట అంతకంటె గొప్ప ధర్మము. ఎండిన అంటుకు బదులు మఱియొకటి నాటవచ్చును. తప్పిపోయిన బిడ్డకు బదులు లేదు.