నారబట్ట రెక్కలపై ఇంద్రలాల్ రాయ్

మగ్గముపై నేసిన వస్త్రము మేని గప్పుటకే గాక మింట నెగిరి పోరుటకును అక్కఱకు వచ్చిన కాలమొకటి యుండెనన్న, నేతకు పేరొందిన మా చీరాలలో సైతము నమ్మువా రరుదు. మొదటి ప్రపంచయుద్ధమునాటి విమానము, కొయ్యచట్రమునకు అవిసెనార బట్టను తొడిగి, అది బిగువెక్కుటకై మందుపూత పూసిన తేలికపాటి యంత్రము. ఆంగ్ల వైమానికులకు పారాచూటును లేదు; నడిమింట మంట లంటుకొన్న, దూకి బ్రతుకు దారి లేదు.

అట్టి విమానము నడపగోరి, 1898 డిసెంబరు 2న కలకత్తాలో జన్మించి లండనులో సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివిన ఇంద్రలాల్ రాయ్ అను వంగయువకుడు ఆంగ్లేయుల వైమానికదళమగు రాయల్ ఫ్లయింగ్ కోర్‌ను ఆశ్రయింపగా, చూపు చాలదని త్రోసిపుచ్చిరి. ఆతడు తన మోటారుసైకిలును అమ్మి, ఆ సొమ్ముతో పేరుమోసిన నేత్రవైద్యునిచే మరల పరీక్ష చేయించుకొని, తొలి తీర్పును తిరుగద్రోయించెను. పిమ్మట వచ్చిన పతకముకంటె నాకీ మోటారుసైకిలు కథయే ఘనముగా దోచును.

1917 జూలైలో అధికారిగా నియుక్తుడై, డిసెంబరులో విమానము కూలగా తీవ్రముగా గాయపడి, ఎగురుటకు అనర్హుడనిపించుకొనియు, కోలుకొనుచు విమానముల బొమ్మలు గీయుచు గడపి, 1918 జూన్‌లో నలుబదవ దళమున జేరెను. ఆతని ఎస్.ఇ.5ఎ విమానమున మరతుపాకులు రెండు: ఒకటి పైరెక్కమీద నుండెడిది; రెండవది గిఱ్ఱున దిరుగు పంకా ఆకుల సందునుండియే కాల్చునది. ఆకు అడ్డువచ్చు క్షణమున గుండు వెడలకుండ, దానిని ఇంజనుతో జోడించియుండిరి. ఆ జూలై 6 మొదలు 19 వఱకు ఆతని ఖాతాకెక్కిన విజయములు పది. వానిలో రెండు తోడివారితో పంచుకొన్నవి. అయిదు విజయములకే గగనవీరు డనిపించుకొను దినము లవి.

జూలై 22న ఫ్రాన్సులోని కార్వాఁ పట్టణముపై జర్మనుల ఫోకర్ విమానములతో పోరుచు నేలకొరిగెను. అప్పటి కిరువదేండ్లు నిండలేదు. సెప్టెంబరు 21న ప్రకటితమైన డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకమును బడసిన తొలి భారతీయుడాతడే.

ఆ సమరమున మన నేలకును పాలు గలదు: నిజాము విరాళముతో విమానములు సమకూరిన 110వ బాంబరు దళము హైదరాబాదు పేరనే పరగెను. ఇట్లు ధనమును ప్రాణమును గైకొన్న సామ్రాజ్యము, భారతీయ వైమానికదళమును 1932 అక్టోబరు 8న గాని నెలకొల్పలేదు. ఇది కృతఘ్నత యనక తప్పదు.