దిగులు పిచ్చి కాదు

ఒక ఊళ్ళో ఒకామెకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. అన్నం సయించేది కాదు. గుండె దడదడ కొట్టుకునేది. పనిలో ఉండగానే కళ్ళ నీళ్ళు కారేవి.

"దీనికి గాలి సోకింది" అన్నారు ఇరుగు పొరుగు. అత్త తాయెత్తు కట్టించింది. అయినా దిగులు తగ్గలేదు.

ఆమె మొగుడు కూలి డబ్బులన్నీ సారాకు పోసేవాడు. తాగొచ్చి కొట్టేవాడు. పిల్లలు పస్తులు పడుకునేవాళ్ళు. అలాంటి ఇంట్లో ఎవరికైనా నిద్ర పడుతుందా?

కాలికి ముల్లు గుచ్చుకుంటే నొప్పి పుడుతుంది. అది కాలు చేసిన తప్పా? కాదు. లోపల ముల్లు ఉందని నొప్పి మనకు చెబుతుంది. దిగులు కూడా అంతే. అప్పు, కరువు, తాగుడు, దెబ్బలు మనసులో గుచ్చుకునే ముళ్ళు. ముల్లు తీయకుండా "ఏడవకు" అంటే ఏం లాభం?

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. అక్కడి ఆడవాళ్ళు రాత్రిబడిలో చదువుకుంటూ తమ కష్టాలు చెప్పుకున్నారు. ప్రతి ఇంట్లోనూ ఏడుపే. అందరి ఏడుపుకూ కారణం సారాయే. 1992లో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు కలిసి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించారు. దాంతో తాగుడు పూర్తిగా పోలేదు. కానీ ఇంట్లో ఒంటరిగా ఏడ్చిన ఆడవాళ్ళు నలుగురిలో నోరు విప్పారు.

కొన్ని ముళ్ళు మనమే తీయలేం. కొన్నిసార్లు కారణం కనిపించకుండానే దిగులు పట్టుకుంటుంది. అదీ తప్పు కాదు. అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

చచ్చిపోవాలనిపిస్తే ఆ మాట దాచుకోవద్దు. వెంటనే నమ్మకమైనవాళ్ళకు చెప్పాలి. 14416కు ఫోను చేయాలి. ఇది ప్రభుత్వం 2022లో పెట్టిన నెంబరు. డబ్బులు పడవు. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

ప్రాణం తీసుకోబోయినవాళ్ళను 2017 చట్టం నేరం చేసినవాళ్ళుగా చూడదు. వాళ్ళు తట్టుకోలేని బాధలో ఉన్నారని భావిస్తుంది. ప్రభుత్వం వాళ్ళకు వైద్యం, సాయం అందించాలని చెబుతుంది.

మన పక్కింటామె దిగులుగా కనిపిస్తే పిచ్చిదని అనొద్దు. కాసేపు పక్కన కూర్చుందాం. ఆమె చెప్పేది విందాం.

మీ ఊళ్ళో ఆడవాళ్ళ దిగులుకు కారణాలేమిటి? వాటిలో అందరూ కలిసి తీయగలిగిన ముల్లు ఏది? బడిలో కూర్చుని మాట్లాడుకోండి.