కదలని మోటారు సైకిలు

వానకాలమున వరంగల్లు, హనుమకొండ వీధులలో ఉదయము తొమ్మిది గంటల వేళ ఒక దృశ్యము తరచుగా కనబడుచుండును. ఇంటిముందు మోటారు సైకిలు నిలిచియుండును. యజమాని కిక్కు మీద కిక్కు కొట్టుచుండును. ప్రక్కింటివాడు వచ్చి బండిని ఒక వైపునకు వంచి చూడుమనును. ఎదురింటివాడు ప్లగ్గు మార్చుమనును. దారిన పోవువాడు ఆగి, పెట్రోలులో నీళ్ళు కలిసినవని తేల్చివేయును. ముగ్గురు చెప్పినదియు సాధ్యమే. కాని వారిలో ఎవరును బండిని ఒక ప్రశ్నయైనను అడుగలేదు. యంత్రము మూగదే గాని, వరుసతప్పక అడిగినచో సమాధానము చెప్పును. ఆ ప్రశ్నలన్నియు ఉన్నత పాఠశాలలో చదువుకొను భౌతిక, రసాయన శాస్త్రములలోనివే. అడుగకుండ కిక్కు కొట్టుటవలన చాలసార్లు కాలు నొప్పి తప్ప నష్టము లేదు. వరద దిగిన మరునాడు మాత్రము ఆ తొందరపాటు ఇంజనునే విరుగగొట్టవచ్చును. ఆ సంగతికి తరువాత వత్తము.

1876లో జర్మనీ దేశీయుడైన నికొలాస్ ఆటో నాలుగు ఘాతముల ఇంజనును నిర్మించెను. 1885లో డైమ్లర్, మేబాక్ అనువారు అట్టి ఇంజనును చిన్నదిగా చేసి కొయ్య చట్రముగల రెండు చక్రముల బండికి అమర్చిరి. నేటి మోటారు సైకిళ్ళలో నడచునది ఆ పద్ధతియే. పిస్టను క్రిందికి దిగుచు గాలిని, పెట్రోలు ఆవిరిని లోనికి పీల్చును. పైకి వచ్చుచు వానిని నొక్కును. ఆ క్షణమున ప్లగ్గువద్ద నిప్పురవ్వ పుట్టి మిశ్రమము మండును. మండిన వాయువులు పిస్టనును క్రిందికి త్రోయును. మరల పైకి వచ్చునపుడు పొగ వెలుపలికి పోవును. కాబట్టి ఇంజను మేలుకొనుటకు మూడు కావలెను: తగిన పాళ్ళలో గాలి పెట్రోళ్ళ మిశ్రమము, దానికి తగిన నొక్కుడు, వేళకు రవ్వ. మూడింటిలో ఏది లోపించినను మిగిలిన రెండును వ్యర్థమే.

అన్నింటికంటె ముందు హ్యాండిలుపై కుడిచేతి ప్రక్కనున్న ఎర్ర స్విచ్చిని, ట్యాంకులో పెట్రోలును, ప్రక్క స్టాండును చూడవలెను. కొన్ని బండ్లలో స్టాండు దించియుండగా ఇంజను రాజకుండ కట్టడి చేసియుందురు. ఇది చెప్పుట చిన్నతనముగా తోచవచ్చును గాని, మెకానిక్కు వద్దకు తోసికొనిపోయిన పిదప ఎర్ర స్విచ్చి బయటపడుట అంతకంటె చిన్నతనము.

తరువాతి ప్రశ్న: సెల్ఫు నొక్కినపుడు ఇంజను తిరుగుచున్నదా, లేదా? ఈ ఒక్క ప్రశ్నతో అనుమానములలో సగము తొలగిపోవును. తిరుగనిచో పెట్రోలును, ప్లగ్గును వెదకుట దండుగ. దోషము బ్యాటరీ వైపున ఉన్నది. ఇక్కడ చాలమంది ఒక పొరపాటు పడుదురు. దీపము వెలుగుచున్నది, హారను మ్రోగుచున్నది, కావున బ్యాటరీ బాగుగనే ఉన్నదందురు. సెల్ఫు మాత్రము టకటకమని ఊరకుండును. దీనికి కారణము ఓము సూత్రములో ఉన్నది. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. ఒక్కొక్క గది రమారమి 2.1 వోల్టులిచ్చును. పాతబడినకొలది బ్యాటరీ లోపలి నిరోధము పెరుగును. అది ఓములో పదియవ వంతు అయినదనుకొందము. దీపమునకు 3 ఆంపియర్లు చాలును. లోపల పోగొట్టుకొనునది 0.3 వోల్టు మాత్రమే, దీపమునకు ఏ లోటును తెలియదు. సెల్ఫు మోటారు 60 ఆంపియర్లు లాగినచో 6 వోల్టులు లోపలనే పోవును. మిగిలిన సగముతో మోటారు ఎట్లు తిరుగును? కావున బ్యాటరీని పరీక్షించుటకు దీపము వెలిగించి, అది వెలుగుచుండగనే సెల్ఫు నొక్కవలెను. దీపము బొత్తిగా మందగించినచో బ్యాటరీ నీరసించినదనియైనను, దాని కొసలవద్ద తెల్లగనో ఆకుపచ్చగనో పేరుకొన్న తుప్పు అడ్డుపడుచున్నదనియైనను అనుకొనవలెను. తుప్పు గీకి మరలు బిగించుటకు ఖర్చు లేదు గనుక ముందు అది చేయవలెను.

కార్బ్యురేటరుగల పాత చిన్న బండ్లు అనేకము బ్యాటరీ చచ్చినను కిక్కుతో రాజుకొనును. వానిలో రవ్వకు కావలసిన విద్యుత్తు ఇంజనుతోపాటు తిరుగు అయస్కాంతము నుండియే వచ్చును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి 6 నియమముల పిదప వచ్చిన బండ్లలో పెట్రోలును విద్యుత్ పంపు నెట్టును, ఎంత పోయవలెనో చిన్న కంప్యూటరు నిర్ణయించును. తాళము త్రిప్పగానే రెండు మూడు క్షణములపాటు ట్యాంకులోనుండి సన్నని రొద వినబడవలెను. అది పంపు మ్రోత. వినబడనిచో ముందు ఫ్యూజును చూచుట మేలు. బ్యాటరీ బొత్తిగా చచ్చిన ఇట్టి బండిని వీధి పొడవున తోసినను ఫలితము ఉండకపోవచ్చును.

ఇంజను తిరుగుచున్నది గాని రాజుకొనుట లేదనుకొందము. అప్పుడు వైద్యుడు నాడి చూచినట్లు ప్లగ్గును విప్పి చూడవలెను. కొన పెట్రోలుతో తడిసియున్నచో పెట్రోలు అందుచున్నది, రవ్వ రావడములేదు. లేదా పెట్రోలు మితిమీరినది. కొన పొడిగా ఉన్నచో పెట్రోలు చేరుటలేదు. నల్లని మసి పట్టియున్నచో కొంతకాలముగా పెట్రోలు ఎక్కువై గాలి తక్కువగుచున్నది. మసి కర్బనమే గదా, కర్బనము విద్యుద్వాహకము. రవ్వగా దూకవలసిన విద్యుత్తు మసివెంబడి మెల్లగా జారిపోవును.

రవ్వ ఉన్నదో లేదో చూచుటకు ప్లగ్గును దాని టోపీలో ఉంచి, లోహభాగము ఇంజనును తాకునట్లు ఆనించి సెల్ఫు నొక్కుట వాడుక. ఇందులో రెండు ప్రమాదములున్నవి. ప్లగ్గు విప్పిన రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి చిమ్ముచుండును. రవ్వను దానికి దూరముగా ఉంచనిచో మంట లేచును. ప్లగ్గును చేతితో పట్టుకొన్నచో వేల వోల్టుల దెబ్బ తగులును. విద్యార్థులు ఈ పరీక్షను తెలిసినవారు చేయుచుండగా చూడవలెనే గాని స్వయముగా చేయరాదు.

బయట రవ్వ కనబడినంతమాత్రమున లోపలను వచ్చుచున్నదని నిశ్చయింపరాదు. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు ఎడమును దాటుటకు సుమారు 3,000 వోల్టులు కావలెను. ప్లగ్గు కొనల నడుమ ఎడము 0.7 మిల్లీమీటరు ప్రాంతమున ఉండును గనుక బయట 2,000 వోల్టులకు మించి పెద్దగా అక్కరలేదు. సిలిండరులో గాలి పది రెట్లు నొక్కబడియుండును. అణువులు దగ్గరదగ్గరగా ఉన్నచోట ఎలక్ట్రాను వేగము పుంజుకొనకముందే ఏదో ఒక అణువును ఢీకొనును. అందువలన పీడనము హెచ్చినకొలది కావలసిన వోల్టులును హెచ్చును. ఈ సంబంధమును 1889లో పాషెన్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. బయట సులభముగా దూకు నీరసపు రవ్వ లోపల దూకలేకపోవచ్చును. వానలో తడిసిన బండికి వచ్చు తెగులు ఇదియే. ప్లగ్గు టోపీలో సన్నని బీట ఉండి, దానిపై తడి ఉన్నచో విద్యుత్తునకు ఆ తడిదారి సులువు. చీకటిలో చూచినచో టోపీ చుట్టును నీలిగీతలు ప్రాకుచుండుట కనబడును. పొడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చినచో బండి కదలును. టోపీ మార్చువరకు ప్రతి వానకును మరల నిలిచిపోవును.

ఇక పెట్రోలు. ద్రవ పెట్రోలు మండదు, దాని ఆవిరి గాలితో కలిసి మండును. బరువున ఒకపాలు పెట్రోలునకు దాదాపు 14.7 పాళ్ళు గాలి ఉన్నపుడు రెండును సరిపోవును. 100 ఘన సెంటీమీటర్ల ఇంజను ఒక్కసారి పీల్చు గాలికి 8 మిల్లీగ్రాముల పెట్రోలు చాలును. ఒక చిన్న బొట్టులో సగమనవచ్చును. చలి ఉదయమున ఆవిరి తక్కువగా లేచును గనుక చోకు లాగి గాలిని తగ్గింతురు. కదలలేదని చోకు లాగియే ఇరువదిసార్లు కొట్టినచో సిలిండరు పెట్రోలుతో తడిసిపోవును. అప్పుడు చోకు మూసి, యాక్సిలేటరును పూర్తిగా త్రిప్పి కొట్టినచో అధికమైన పెట్రోలును గాలి వెలుపలికి తోలును.

ట్యాంకు మూతకు ఒక సన్నని రంధ్రముండును; దానిని పట్టించుకొనువారు తక్కువ. పెట్రోలు దిగినకొలది ఆ దారిన గాలి లోనికి పోవలెను. బురద పట్టి అది పూడినచో ట్యాంకులో పీడనము తగ్గి, పెట్రోలు దిగుట మానును. నీళ్ళలో ముంచిన గొట్టము పైకొసను వ్రేలితో మూసి ఎత్తినచో నీరు జారక నిలుచుటయు ఇందువలననే. కార్బ్యురేటరు బండి రెండు మూడు మైళ్ళు చక్కగా పోయి ఆగి, కొంతసేపటికి మరల తనంత కదలినచో మూత తెరచి చూడవలెను. బుస్సుమని గాలి పీల్చిన చప్పుడైనచో దొంగ దొరికినట్లే.

పెట్రోలులో నీళ్ళను గురించి దారిన పోవువాడన్న మాట మునుపటికంటె నేడు ఎక్కువ విలువగలది. 2023 ఫిబ్రవరిలో మన దేశమున నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకము మొదలై, 2025 నాటికి అంతటను వ్యాపించెను. ఇథనాలు పెట్రోలుతోను కలియును, నీటితోను కలియును. కొద్ది నీరు చేరినచో దానిని తనలో ఇముడ్చుకొనును. హద్దు దాటినచో పెట్రోలును విడిచి నీటివెంట పోయి, రెండును కలిసి అడుగున పొరగా నిలుచును. ఇంజనునకు పెట్రోలు పోవునది ట్యాంకు అడుగునుండియే. అనగా మండదగినది పైన తేలుచుండగా ఇంజను నీళ్ళు కలిసిన ఇథనాలు త్రాగును. ట్యాంకు అడుగునుండి కొంచెము పెట్రోలును గాజుసీసాలోనికి దింపి నిలువనిచ్చినచో రెండు పొరలు కంటికి కనబడును. ఈ పని ఆరుబయట, నిప్పునకు దూరముగా చేయవలెను.

మూడవదైన నొక్కుడు సాధారణముగా ఒక్కనాట చెడునది కాదు. కిక్కు నిరాటంకముగా జారిపోవుచున్నచో కవాటములో, పిస్టను రింగులో గాలి కారుచున్నవి. అది మెకానిక్కు పని.

కిక్కు అసలే దిగకపోయినచో జాగ్రత్తపడవలెను. 2020 ఆగస్టులో వరంగల్లు కాలనీలు నీట మునిగెను. 2023 జులై 27న పొరుగుననున్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజున 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. అదే వానలకు హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగెను; 29వ తేదీన భద్రకాళి చెరువు కట్టకు గండి పడెను. 2025 అక్టోబరు 29న మొంథా తుపాను వానలకు నగరము మరల మునిగెను. ఇట్టి వరదలలో ఇండ్లముందు నిలిపిన బండ్లు ఎన్నియో ఇంజనువరకు నీట నానును. నీరు దిగగానే చేయి సెల్ఫు మీదికి పోవుట సహజమే.

అట్లు నొక్కుటలోని ప్రమాదమును లెక్కలో చూతము. 100 ఘన సెంటీమీటర్ల ఇంజను మిశ్రమమును పదియవ వంతునకు నొక్కుననుకొందము. పిస్టను పూర్తిగా పైకి వచ్చినపుడు మిగులు ఖాళీ 100ను 9తో భాగించినంత, అనగా 11 ఘన సెంటీమీటర్లు. మందుసీసాతో వచ్చు చిన్న చెంచాలు రెండు. అంతకు మించిన నీరు గాలివడపోత దారిననో పొగగొట్టము దారిననో సిలిండరులో చేరియున్నచో, కవాటములు మూసికొనిన పిమ్మట పైకి వచ్చు పిస్టనునకు చోటుండదు. గాలియైనచో నొక్కుకొని చోటిచ్చును. నీటి పరిమాణమును నూటికి ఒకవంతు తగ్గించుటకే 200 వాతావరణ పీడనములకు మించిన బలము కావలెను. తరగతిలో దీనిని చూపుట తేలిక. సూదిలేని రెండు సిరంజిలలో ఒకదానిని గాలితోను, రెండవదానిని బుడగ లేకుండ నీటితోను నింపి, మూతులను వ్రేలితో మూసి నొక్కుమనవలెను. గాలి సిరంజి దిగును. నీటి సిరంజి రాయివలె నిలుచును. ఇంజనులో ఆ రాయికి, తిరుగు చక్రమునకు నడుమ నలుగునది పిస్టనును మోయు కడ్డీ. సెల్ఫు ఊపునకే అది వంగవచ్చును. ఒకవేళ ఇంజను రాజుకొని వేగమందుకొనిన పిదప నీరు పీల్చినచో కడ్డీ విరిగి, ఇంజను గోడనే పగులగొట్టవచ్చును. తుడిచి ఆరబెట్టినచో నిలుచు బండి అప్పుడు కొత్త ఇంజను ఖర్చు తెచ్చిపెట్టును.

మునిగిన బండికి మొదట తాళము త్రిప్పరాదు. బ్యాటరీ రుణధ్రువపు తీగను విడదీయవలెను. ప్లగ్గు చుట్టునున్న బురదను శుభ్రముగా తుడిచి, ఆ తరువాతనే ప్లగ్గు విప్పవలెను. లేనిచో ఇసుకరేణువులు సిలిండరులో పడి గోడలను గీయును. ప్లగ్గు విప్పియుంచి కిక్కును మెల్లగా చేతితో దింపవలెను. కిక్కులేని బండిని పై గేరులో వేసి వెనుక చక్రమును త్రిప్పవలెను. లోపలి నీరు ప్లగ్గు రంధ్రమునుండి చిమ్ముకొని పోవును. నీరు రావడము మానువరకు త్రిప్పవలెను. తరువాత ఇంజను ఆయిలును చూడవలెను. పాలు పోసిన టీ రంగున ఉన్నచో నీరు ఆయిలులో సన్నని బిందువులై చెదరి కలిసినదన్నమాట. అట్టి ఆయిలు లోహముల నడుమ పొరగా నిలువదు. దానిని దింపి కొత్తది పోసి, తడిసిన గాలివడపోతను మార్చి, ట్యాంకు పెట్రోలును దింపి, తీగల అతుకులన్నియు ఆరిన పిదప బ్యాటరీ తగిలింపవలెను. బండి కదలిన తరువాత కొద్దినిమిషములు ఆరుబయట నడపి, ఆ ఆయిలును కూడ దింపి మరల మార్చవలెను. మూలమూలల నిలిచిన నీరు మొదటి ఆయిలుతో పూర్తిగా రాదు.