పోనంటున్న పాత ఫైళ్లు

పెళ్లిళ్ల సీజను ముంచుకొస్తోందంటే మా షాపుకి ఫొటో స్టూడియోల వాళ్ల తాకిడి పెరుగుతుంది. కొత్త పెళ్లిళ్లు దింపుకోవాలంటే ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులో చోటుండాలి. చోటు కావాలంటే పాతవి తీసెయ్యాలి. తీరా తీసేద్దామని కూర్చుంటే కొన్ని ఫైళ్లు కదలనంటాయి. "డిలీట్ కొడితే ఏదో వస్తోంది అబ్బాయ్, పోవట్లేదు" అంటారు. ఏం వస్తోంది బాబాయ్ అని అడిగితే గుర్తుండదు. ఎప్పుడో క్యాన్సిల్ కొట్టేసి ఉంటారు. తెనాలిలో కంప్యూటర్ రిపేరు చేసుకునే నేను అందరికీ ముందుగా చెప్పేది ఒకటే: డిస్కుతోపాటు ఆ మెసేజీని ఫోన్లో ఫొటో తీసి పట్రండి. ఫైలు పోకపోవడానికి కారణాలు బోలెడు. ఏ కారణమో ఆ ఇంగ్లీషు ముక్కలోనే ఉంటుంది. అది చదవకుండా ఇంటర్నెట్లో దొరికే 'ఫోర్స్ డిలీట్' సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకునేవాళ్లంటే నాకు మంట.

ఎక్కువగా కనిపించేది పర్మిషన్ గొడవ. పాత కంప్యూటర్ మూలపడితే అందులో డిస్కు ఊడదీసి, యూఎస్‌బీ కేసింగులో బిగించి ఎక్స్‌టర్నల్‌గా వాడుకోవడం మనకు మామూలే. దాంట్లో విండోస్ 7 కాలం నాటి యూజర్ ఫోల్డర్లు అలాగే పడుంటాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయిన డిస్కులో ప్రతి ఫైలుకీ ఒక ఓనరు రాసి ఉంటాడు. విండోస్ అతన్ని పేరుతో కాకుండా ఒక పొడవాటి నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. పాత కంప్యూటర్లో 'శ్రీను', కొత్తదాంట్లోనూ 'శ్రీను' అని ఉన్నా ఆ నంబర్లు వేరు. డబ్బు కట్టి పొలం కొన్నా పాస్‌పుస్తకంలో పాత పేరే ఉన్నట్టు, డిస్కు మీదే అయినా హక్కు మీది కాదు. 'యాక్సెస్ డినైడ్' అన్నా, 'ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్' అనుమతి కావాలన్నా సంగతి ఇదే. రెండోది కనిపిస్తే మీరు చెరపబోతున్నది పాత విండోస్ ఫోల్డరన్నమాట.

పేరు మార్పించుకోవడం కష్టమేమీ కాదు. అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌తో లాగిన్ అయి, ఫోల్డరు మీద రైట్‌క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లండి. పైన ఓనర్ అన్నచోట చేంజ్ నొక్కి మీ యూజర్ పేరు ఇవ్వండి. కింద 'రీప్లేస్ ఓనర్' అని మొదలయ్యే గడిలో టిక్ పెట్టకపోతే లోపలి ఫోల్డర్లు పాత ఓనరు పేరు మీదే ఉండిపోతాయి. చాలామంది తప్పిపోయేది ఇక్కడే. ఆ తర్వాత మళ్లీ అదే సెక్యూరిటీలోకి వెళ్లి మీ పేరుకి ఫుల్ కంట్రోల్ ఇచ్చుకోవాలి. ఇదంతా బయట తగిలించిన డిస్కు మీదే సుమా. నడుస్తున్న కంప్యూటర్ సీ డ్రైవులో విండోస్ ఫోల్డరు జోలికి మాత్రం పోవద్దు.

'ఓపెన్ ఇన్ అనదర్ ప్రోగ్రామ్' అని వస్తే కంగారు పడాల్సిన పనే లేదు. ఏదో ప్రోగ్రామ్ ఆ ఫైలును పట్టుకుని కూర్చుంది. అది వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కావచ్చు, యాంటీవైరస్ కావచ్చు, ఫొటోలకు బుల్లి బొమ్మలు తయారుచేస్తున్న ఎక్స్‌ప్లోరరే కావచ్చు. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, ఇంకేమీ తెరవకుండా డిలీట్ కొడితే చాలావరకు పోతుంది.

నాకు సరదాగా అనిపించేది పేర్ల తంటా. డ్రైవు అక్షరం మొదలుకొని ఫోల్డర్లన్నీ దాటి ఫైలు పేరు చివరిదాకా కలిపి 260 అక్షరాల లోపే ఉండాలని విండోస్‌లో పాతకాలం నాటి లెక్క ఒకటుంది. ఎక్స్‌ప్లోరర్ దాన్ని ఇప్పటికీ పట్టుకుని వేలాడుతోంది. స్టూడియోల్లో ఫోల్డర్లు ఎలా ఉంటాయంటే, పెళ్లివారి ఇంటిపేరు, అందులో ఊరు, అందులో తేదీ, అందులో 'ఫైనల్', అందులో 'ఫైనల్ కొత్తది', అందులో 'కస్టమర్ చెప్పిన మార్పులు'. పేర్లు తెలుగులో పెడితే హద్దు ఇంకా ముందే వస్తుంది. 'లక్ష్మీ' మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఏడు. వత్తులకీ పొల్లులకీ గుణింతాలకీ విడివిడిగా లెక్క కడుతుంది మరి. మందు చాలా తేలిక. పైనుంచి ఒక్కో ఫోల్డరు పేరూ 'అ', 'ఆ' అని ఒక్క అక్షరానికి కుదించుకుంటూ వస్తే దారి పొట్టిదై, డిలీట్ పనిచేస్తుంది. లేదా లోపలి ఫోల్డరును కట్ చేసి డ్రైవు మొదట్లో పడేయండి.

పాత యూజర్ ఫోల్డర్లను కాపీ చేసిన డిస్కుల్లో ఇంకో వింత ఉంటుంది. 'అప్లికేషన్ డేటా' తెరిస్తే లోపల మళ్లీ 'అప్లికేషన్ డేటా', దాంట్లో మళ్లీ అదే. విండోస్ 7 తన పాత ప్రోగ్రాముల కోసం పెట్టుకున్న దారిమళ్లింపును కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు నిజం ఫోల్డరనుకుని, దాని లోపలికి దిగి, తిరిగి తిరిగి కాపీ చేసిన ఫలితం అది. ఇక్కడా విరుగుడు పేర్లు కుదించడమే, కాకపోతే ఓపిక కావాలి.

ఆల్బమ్ డిజైనర్ దగ్గర మ్యాక్ ఉంటే కథ వేరు. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును మ్యాక్ చదువుతుంది తప్ప, దాని మీద రాయదు. చెరపడం కూడా రాతే కాబట్టి అదీ కుదరదు. డిస్కును విండోస్ మెషీన్‌కి తగిలించి చెరిపేస్తే సరి. రెండింటి మధ్యా తిరిగే డిస్కయితే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోవడం మేలు. అయితే ఎజెక్ట్ కొట్టకుండా లాగేస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్ తట్టుకున్నంతగా ఎక్స్‌ఫ్యాట్ తట్టుకోదు.

కొందరు ఇంకోటి అంటారు: "అన్నీ పోయాయి, చోటు మాత్రం పెరగలేదు." హార్డ్‌డిస్కు మీంచి చెరిపినవి ఆ డిస్కులోనే దాగిన రీసైకిల్ బిన్‌లోకి వెళ్తాయి. మ్యాక్‌లోనూ అంతే. డిస్కు తగిలించి ఉండగానే బిన్ ఖాళీ చేయాలి.

ఇప్పటిదాకా చెప్పినవాటితో డిస్కుకి ప్రమాదం లేదు. 'కరప్టెడ్ అండ్ అన్‌రీడబుల్' అనో, 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' అనో, 'ఐ/ఓ డివైస్ ఎర్రర్' అనో వస్తే మాత్రం డిలీట్ మీంచి చెయ్యి తీసెయ్యండి. ముందు కేబులు మార్చి, డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులో కాకుండా వెనకవైపు దాంట్లో పెట్టి చూడండి. కరెంటు చాలకపోయినా ఇలాంటి మెసేజీలే వస్తాయి. అప్పటికీ మారకపోతే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్కు ఆరోగ్యం చూడాలి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అన్న వరసల్లో అంకెలు పెరుగుతూ పోతుంటే అది రోజులు లెక్కపెట్టుకుంటున్న డిస్కు. టిక్ టిక్ మని కొట్టుకుంటుంటే చూడనక్కర్లేదు, వెంటనే తీసెయ్యండి.

ఇలాంటప్పుడు అందరూ ఇచ్చే సలహా చెక్‌డిస్క్ కొట్టమని. నేనొప్పుకోను. చెక్‌డిస్క్ ఫైళ్ల పట్టికను బాగుచేస్తుంది, అందులో మీ ఫైళ్లుంటాయా పోతాయా అన్నది దానికి పట్టదు. దిక్కులేని ముక్కల్ని 'ఫౌండ్' అనే ఫోల్డరులో నంబర్లేసి పడేస్తుంది. పైగా మెకానికల్‌గా దెబ్బతిన్న డిస్కును గంటల తరబడి తిప్పుతుంది. కావలసినవి ముందు వేరే డిస్కులోకి ఎత్తుకోండి. చెక్‌డిస్క్ ఆ తర్వాతి మాట. పాత ఫైళ్లు తీసెయ్యడం ఆఖరి పని.

ఏదీ అక్కర్లేదు, మొత్తం పోవాలి అంటే ఒక్కొక్కటీ చెరుపుతూ కూర్చోకండి. లక్షల చిన్న ఫైళ్లకు ఎక్స్‌ప్లోరర్ లెక్కపెట్టడానికే బోలెడు సమయం తీసుకుంటుంది. క్విక్ ఫార్మాట్ కొడితే క్షణాల్లో డిస్కు ఖాళీగా కనిపిస్తుంది. కనిపిస్తుందనే అంటున్నాను. హార్డ్‌డిస్కులో అది పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది, ఫొటోలు అడుగున అలాగే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగొచ్చు. డిస్కును అమ్మేస్తుంటే అందులో ఎవరింటి ఆడపిల్లల ఫొటోలున్నాయో కాస్త ఆలోచించి, క్విక్ అన్న టిక్కు తీసేసి ఫార్మాట్ చేయండి. విస్టా నుంచీ విండోస్ ఆ పద్ధతిలో డిస్కంతా సున్నాలతో నింపుతోంది. 2 టీబీ డిస్కుకు గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి వెళ్లడం మంచిది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు పెట్టి, స్లీప్ ఆఫ్ చేసి మరీ వెళ్లండి. మధ్యలో ఆగిందంటే మళ్లీ మొదటినుంచే.