కిటికీగల ప్రోగ్రాములు: సామాన్యపు చిక్కులు, వాని సవరణలు



మన పాఠశాలలో కంప్యూటరు నేర్చుకొను బాలబాలికలు మొదట నల్లని తెరమీద అక్షరములు ముద్రించు చిన్న ప్రోగ్రాములు వ్రాయుదురు. పిమ్మట మీటలు, గడులు, పట్టికలు గల కిటికీని తామే నిర్మింపవలెనని యుత్సహింతురు. ఇది మంచి కోరికయే. 1973లో అమెరికాలోని జెరాక్స్ సంస్థవారి ఆల్టో యంత్రముపై రూపుదాల్చి, 1984లో మాకింటాష్ మూలమున జనసామాన్యమునకు పరిచయమైన ఈ పద్ధతివలన, ఆజ్ఞలను కంఠస్థము చేయనివారు సైతము కంప్యూటరును వాడగలుగుచున్నారు. అయితే వాడువానికెంత సులభమో, నిర్మించువానికంత కష్టము. ఆ కష్టములలో తరచుగ నెదురగువానిని ఇచ్చట వివరించెదను. నాకును ఇందొక పాఠము కలిగినది గనుక దానితోనే యారంభించెదను.

కొల్లేటి లంకలనుండి వచ్చు ఒక విద్యార్థి తన తండ్రి చేపల చెరువునకై తూకముల లెక్క వ్రాయు ప్రోగ్రామును పైథాన్ భాషలో, టికింటర్ సాయముతో నిర్మించెను. శీలావతి, బొచ్చె అను పేర్లు తెలుగులోనే కనబడును. కిలోలు వ్రాసి ‘నమోదు’ అను మీటను నొక్కినచో, లెక్క ఆ యంత్రమునందు నిలుచుటయే గాక ఇంటర్నెట్టు మీదుగ దూరమందలి పట్టికకును పోవును. తరగతి గదిలో పరీక్షించి, చాల బాగున్నదని నేనంటిని.

పట్టుబడి దినమున చెరువుగట్టుపై సిగ్నలు బలహీనముగ నుండెను. తండ్రి మీట నొక్కెను, కిటికీ చలింపలేదు. మరల నొక్కెను, మూడవమారును నొక్కెను. సాయంకాలము లెక్క కూడగా, లారీకెక్కిన చేపకంటె తూకమైన చేప ఎక్కువగ తేలెను. పెట్టెలు మోసిన కూలివానిపై అనుమానము కలిగెను. మరునాడు బాలుడు భయపడుచు నా యొద్దకు వచ్చెను. ఇద్దరము కూర్చుండి చూడగా, ఒకే తూకము కొద్ది క్షణముల తేడాలో మూడుమారులు వ్రాయబడియుండెను. తండ్రిని పిలిపించి అడిగితిని. “నొక్కితే అది ఉలకలేదు, పలకలేదు మేష్టారూ. అందుకే మళ్లీ నొక్కాను,” అని ఆయన చెప్పెను. ఆయన తప్పేమున్నది? ఆ రాత్రియే ఆయన కూలివాని యింటికి స్వయముగ పోయి సంగతి చెప్పివచ్చెను. మేము ప్రోగ్రామును సవరింప మొదలిడితిమి.

మొదటి చిక్కు: కిటికీ బిగిసిపోవుట. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరుల నీరు కొల్లేటిలో చేరును. అచ్చటినుండి సముద్రమునకు పోవు త్రోవ ఉప్పుటేరొక్కటియే. దాని కడ్డము వచ్చెనా, నీరు వెనుకకు తన్ని లంకలనెక్కును. కిటికీ ప్రోగ్రామును అట్టిదే. మీట నొక్కుట, అక్షరము వ్రాయుట, తెరను తిరిగి చిత్రించుట అను సకల సంఘటనలును ఒకే వరుసలో నిలిచి, ‘మెయిన్‌లూప్’ అను ఒక్క త్రోవగుండ పోవలయును. ఒక మీటకు సంబంధించిన పని ఇంటర్నెట్టు కొరకు ఇరువది క్షణములు వేచియున్నచో, తక్కినవన్నియు ఆగిపోవును. అయినను నొక్కిన నొక్కులు నశింపవు. వరుసలో నిలిచియుండి, త్రోవ తెరువగనే ఒకదాని వెనుక నొకటి నెరవేరును. మూడు లెక్కలు పడుటకు కారణమిదియే.

దీనికి సవరణ యేమి? కొంతసేపాగి చేయవలసిన చిన్న పనియైనచో ‘స్లీప్’ వాడక ‘ఆఫ్టర్’ వాడవలయును. అది త్రోవను మూయక, నియమిత కాలమున పనిని పిలుచును. దీర్ఘమైన పనియైనచో దానిని వేరొక ‘థ్రెడ్’కు అప్పగింపవలయును. అయితే ఆ థ్రెడ్ కిటికీలోని వస్తువులను ముట్టరాదు; ఫలితమును ఒక ‘క్యూ’లో నుంచిన, ప్రధాన త్రోవయే ‘ఆఫ్టర్’ సాయముతో అప్పుడప్పుడు చూచి తీసికొనును. పని ముగియువరకు మీటను అచేతనము చేసి, ‘పంపుచున్నాము’ అని తెరపై తెలుపవలయును. ఇచ్చట నొక సూక్ష్మము కలదు. థ్రెడ్ లేకుండ, ఒకే పనిలో మొదట మీటను మూసి చివర తెరచినచో లాభములేదు. వేచియున్న నొక్కులు మీట తెరచిన పిమ్మటనే వచ్చును గదా! వీనితోపాటు ప్రతి తూకమునకు నొక వరుససంఖ్య నిచ్చి, ఆ సంఖ్య రెండవమారు వచ్చినచో త్రోసివేయునట్లు చేసితిమి.

రెండవ చిక్కు: మీట పనిచేయకుండుట. ‘కమాండ్’ అనుచోట పని పేరు ప్రక్క కుండలీకరణములు పెట్టినచో, కిటికీ తెరచునప్పుడే ఆ పని యొకమారు జరిగిపోవును. పిమ్మట మీట నెన్నిమారులు నొక్కినను ఫలము శూన్యము. పేరు మాత్రమే ఇయ్యవలయును. పనికి విలువలు కూడ పంపవలసియున్నచో ‘లాంబ్డా’ వాడవలయును.

మూడవ చిక్కు: సంఖ్యలు కూడక అతుకుకొనుట. గడిలో వ్రాసినది యంత్రమునకు అక్షరములే గాని సంఖ్య కాదు. 120కి 35 కలిపిన 155 రావలసియుండగా 12035 వచ్చును. ‘ఇంట్’తో గాని, ‘ఫ్లోట్’తో గాని మొదట సంఖ్యగా మార్చవలయును. తెలుగు అంకెలలో ౧౨౦ అని వ్రాసినను పైథాన్ గ్రహించుట మనకు సంతోషకరము. గడి ఖాళీగనున్నచో మాత్రము దోషము పుట్టును. దానిని పట్టుకొని, ‘కిలోలు వ్రాయుడు’ అని వినయముగ చెప్పవలయును.

నాలుగవ చిక్కు: వస్తువుల అమరిక చెదరుట. మన ఏలూరు తివాచీ నేయువారు పడుగు పేకల లెక్క తప్పినచో పువ్వు వంకరపోవును. ‘గ్రిడ్’ పద్ధతియందును అడ్డువరుసలు, నిలువువరుసలు అట్లే యుండును. ఒకే చట్రములో ‘గ్రిడ్’ను ‘ప్యాక్’ను కలుపరాదు, రెండును కావలసినచో వేర్వేరు చట్రములు చేయవలయును. కిటికీని పెద్దది చేసినప్పుడు గడులును పెరుగవలెనన్న, వరుసలకు ‘వెయిట్’ అను విలువను, వస్తువులకు ‘స్టికీ’ అను గుణమును ఇయ్యవలయును.

అయిదవ చిక్కు: బొమ్మ మాయమగుట. ఒక పనిలోపల బొమ్మను తెరచి వదలినచో, ఆ పని ముగియగనే దాని పేరు పోవును; పేరులేని వస్తువును పైథాన్ చెత్తయని యెంచి ఊడ్చివేయును. కాన ఆ బొమ్మను కిటికీకి సంబంధించిన యొక పేరున భద్రపరుపవలయును.

ఆరవ చిక్కు మన భాషకు సంబంధించినది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునుండియు తెలుగునకు 128 స్థానముల విభాగము కలదు. ‘కొల్లేరు’ అను మాట కంటికి మూడక్షరములే. యంత్రమునకో యెనిమిది గుర్తులు. కావున గుర్తుల లెక్కతో గడి వెడల్పు నిర్ణయించుటయు, మాటను నడుమ ఖండించుటయు తగవు. అక్షరములకు మారు ఖాళీ పెట్టెలు కనబడినచో, ఆ యంత్రమున తెలుగు ఫాంటు లేదని యెరుగుడు. విండోస్‌లో గౌతమి, నిర్మలా అనునవియు, ఉచితముగ లభించు నోటో సాన్స్ తెలుగును కలవు. ఒత్తులు విడిపోయి కనబడినచో లోపము ఫాంటుది కాక, గుణింతములను కూర్చు భాగముది కావచ్చును. అట్టిచోట హార్ఫ్‌బజ్ అను కూర్పరిని వాడు క్యూటీ, జీటీకే పరికరములు మేలు. ఫైలు వ్రాయునప్పుడు యూటీఎఫ్-8 అని స్పష్టముగ పేర్కొనుడు. లేనిచో తెలుగు పేరు చేరగనే కొన్ని విండోస్ యంత్రములందు దోషము కలుగును.

విద్యార్థులారా, 2015లో తాడేపల్లిగూడెమున స్థాపింపబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వంటిచోట్ల చదువవలెనని మీలో పలువురు కోరుచున్నారు. అచ్చట మీరు ఇంతకంటె గొప్ప సంగతులు నేర్తురు. అయినను, వాడువాడు కూర్చుండుచోట కూర్చుండి, వాని యంత్రముపై, వానికున్నట్టి సిగ్నలుతో పరీక్షించి చూచుట ఇప్పుడే యలవరచుకొనుడు. తరగతి గదిలో మాత్రమే పరీక్షించి ‘బాగున్నది’ అన్న ఉపాధ్యాయుని మాటవలన ఒక నిర్దోషి యొక రాత్రి యెల్ల నిందను మోయవలసివచ్చెను. ఆ కూలివాడు ఈ యేడు పట్టుబడికిని ఆ చెరువునకే వచ్చినాడు. తూకము నమోదయిన ప్రతిసారియు తెరపై ‘చేరినది’ అను మాట పెద్ద అక్షరములతో వచ్చుచున్నది. తండ్రి దానిని బిగ్గరగ చదివి, అతనికి వినిపించిన పిమ్మటనే తరువాతి పెట్టె నెత్తనిచ్చుచున్నాడు.