మణికట్టులో ట్రెపీజియం

బొటనవేలిని అరచేతి పక్కన కదలకుండా ఉంచి, ఆ ఒక్క చేత్తోనే చొక్కా బొత్తాం పెట్టుకోండి చూద్దాం! పోనీ, పెన్సిలు తీసుకుని మీ పేరు రాయండి. ఎంత కష్టమో తెలిసింది కదూ? బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా వచ్చినప్పుడే చేతికి పట్టు చిక్కుతుంది. అలా రావడానికి తోడ్పడే ఎముక పేరు మీకు లెక్కల క్లాసులో తెలిసినదే. అదే ట్రెపీజియం!

ఒక జత ఎదుటి భుజాలు సమాంతరంగా ఉన్న చతుర్భుజాన్ని ట్రెపీజియం అంటామని మీకు తెలుసు. గ్రీకు భాషలో ఈ మాటకు 'చిన్న బల్ల' అని అర్థం. మన మణికట్టులో నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో మొత్తం 8 చిన్న ఎముకలున్నాయి. వాటిలో చాలావాటికి ఆకారాన్ని బట్టే పేర్లు పెట్టారు. ఒకటి పడవ, ఒకటి నెలవంక, ఇంకొకటి బఠానీ గింజ! బొటనవేలి మొదట్లో ఉన్నది ట్రెపీజియం. దాని పక్కనే, చూపుడువేలి వైపున, ట్రెపిజాయిడ్ ఉంది.

ఇక్కడో తమాషా ఉంది. మనం ట్రెపీజియం అనే చతుర్భుజాన్ని అమెరికాలో ట్రెపిజాయిడ్ అంటారు. కాని ఎముకల పేర్లు మాత్రం అక్కడా ఇవే!

అయితే ఈ ఎముకను ముట్టుకుని సమాంతర భుజాల కోసం వెదకకండి. లెక్కల్లోని ట్రెపీజియం కాగితం మీది బొమ్మ. ఇదేమో ఎగుడుదిగుడుగా ఉండే ఘనరూపం. పోలికను బట్టి పేరు వచ్చింది, అంతే.

దీని అసలు గొప్పతనం బొటనవేలి వైపున్న ముఖంలో ఉంది. అది గుర్రపు జీనులా ఒక దిశలో పల్లంగా, దానికి అడ్డంగా మిట్టగా ఉంటుంది. బొటనవేలిని మోసే ఎముక దానిమీద రౌతులా కూర్చుంటుంది. రౌతు ముందుకూ వెనక్కూ, పక్కలకూ ఒరగగలడు కదా! ఈ ఎముకా అంతే. ఆ కదలికలకు కాస్త మెలిక కూడా తోడై, బొటనవేలు చిటికెనవేలి కొనను తాకగలుగుతుంది.

ఇంతగా వాడే కీలు కనుక, వయసు మళ్లినకొద్దీ అందులోని మృదులాస్థి కొందరికి అరిగిపోతుంది. ఆడవారిలో ఇది ఎక్కువ. మీ నాయనమ్మో అమ్మమ్మో సీసా మూత తిప్పలేక బొటనవేలి మొదలు పట్టుకుని "అబ్బా" అంటే, బహుశా నొప్పి ఈ జీను దగ్గరే కావచ్చు. అలాంటప్పుడు ఆ మూత మీరు తీసిపెట్టండి. మీ ట్రెపీజియం ఇంకా కొత్తదే కదా!