బిగిస్తే ఆగే లీకు కాదిది
ట్యాపెట్ కవర్ ప్యాకింగ్: అపోహలు – వాస్తవాలు

కారు ఇంజన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవర్ అంచున ఆయిల్ చెమర్చగానే చాలామంది చేసే మొదటి పని, స్పానర్ తీసి బోల్టులు ఇంకో చుట్టు బిగించడం. లీకంటే లూజే అన్న నమ్మకం అంత బలమైనది. ఆ కవర్ కింద ఉండే రబ్బరు ప్యాకింగ్ విషయంలో అది తప్పు. హెడ్ గాస్కెట్ సిలిండర్‌లో మండే వాయువుల పీడనాన్ని తట్టుకోవాలి, దానికి గట్టి బిగింపు కావాల్సిందే. ట్యాపెట్ కవర్ కింద అంత పీడనమే లేదు. క్యామ్‌షాఫ్ట్ చిమ్మే ఆయిల్ బయటికి రాకుండా చూడడమే ఆ రబ్బరు పని. గాడిలో కూర్చుని, కాస్త నలిగి, చుట్టూ సమానంగా ఆనుకుంటే చాలు. అందుకే ఈ బోల్టులకు చాలా కార్లలో 10 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగానే టార్క్ చెబుతారు. చక్రాల నట్లకైతే అది 100 దాకా ఉంటుంది.

మరి లీకు ఎందుకొస్తుంది? ఏళ్ల తరబడి వేడి తిని రబ్బరు గట్టిపడుతుంది. పాత ప్యాకింగును ఊడదీసి వంచితే పుటుక్కున విరుగుతుంది; ఉబ్బెత్తుగా ఉండాల్సిన అంచు చదునైపోయి ఉంటుంది. సాగే గుణం పోయిన రబ్బరును ఎంత నొక్కినా తిరిగి పొంగదు. పైగా చాలా బోల్టులు ఒక హద్దు దాకా దిగి ఆగేలా చేసినవే. ఆ తర్వాత వేసే బలమంతా అల్యూమినియం హెడ్‌లోని మరల మీదే పడుతుంది. మర పోయిందంటే రబ్బరు ముక్కతో తేలే పని హెడ్ రిపేరుకు చేరుతుంది. బిగించాక లీకు తగ్గిందే అనేవారూ ఉన్నారు. బోల్టు నిజంగా వదులైతే, చెప్పిన టార్కుకు బిగించడం సరైనదే. ఎండిన రబ్బరుకు మాత్రం ఆ ఊరట కొద్దిరోజులే. ఇంజన్ లోపలి వాయువులను బయటికి వదిలే పీసీవీ వాల్వ్ పూడుకుపోయి లోపల ఒత్తిడి పెరిగితే కొత్త ప్యాకింగ్ కూడా చెమరుస్తుంది, కాబట్టి దాన్నీ చూడాలి.

చుట్టూ సిలికాన్ పూస్తే ఇక తిరుగుండదన్నది రెండో నమ్మకం. ప్యాకింగే లేకుండా సిలికాన్‌తోనే మూత పెట్టేలా తయారైన ఇంజన్లు ఉన్నాయి, వాటికి అదే పద్ధతి. అచ్చుపోసిన రబ్బరు ప్యాకింగుకు అలా పూస్తే అది గాడిలో నిలవక జారుతుంది. లోపలికి పిండుకొచ్చిన సిలికాన్ ముక్కలు ఊడి ఆయిల్ స్ట్రెయినర్‌కు అడ్డుపడితే బేరింగులకు ఆయిల్ అందదు. టైమింగ్ కవర్, హెడ్ కలిసే మూలల్లాంటి చోట్ల, అదీ మాన్యువల్ చెబితే, చిన్న చుక్క చాలు.

కొంచెం ఆయిలే కదా అని వదిలేయడమూ మంచిది కాదు. అది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడితే పొగ, మాడువాసన వస్తాయి, మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. స్పార్క్ ప్లగ్ గుంటల్లోకి దిగితే ఇంజన్ మిస్ కొడుతుంది. చిక్కటి ఆయిల్ పోసినా గట్టిపడ్డ రబ్బరు మెత్తబడదు.

ఇది ఇంట్లో చేసుకునే పని కాదన్న మాటలో కొంత నిజముంది. చాలా డీజిల్ ఇంజన్లలో ఇంజెక్టర్లు, అధిక పీడనంతో నడిచే పైపులు ఈ మూత మీదుగానే వెళతాయి. వాటి జోలికి పోకూడదు. మామూలు పెట్రోల్ ఇంజన్‌కు మాత్రం కావాల్సింది ఓపికే. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. గాడి, హెడ్ అంచు గోకకుండా, ఆయిల్ తడి లేకుండా తుడవాలి. ప్లగ్ గుంటల సీళ్లు విడిగా దొరికితే అవీ మార్చాలి. బోల్టులు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలి. చక్రాల నట్లకు వాడే పెద్ద టార్క్ రెంచ్ ఇంత చిన్న అంకెను సరిగా చూపదు, చిన్నది అద్దెకైనా తెచ్చుకోండి. మీ ఇంజన్‌కు మాన్యువల్ చెప్పిన టార్క్ ఎంతో తెలుసుకోకుండా మాత్రం ఆ బోల్టుల మీద స్పానర్ పెట్టకండి.